చప్పిడి బంతి

మా గురువు పోలయ్య గారిని ఎవరేమడిగినా, ముందు "అన్నం తిన్నావా?" అనేవారు. జవాబు ఆ తర్వాతే. ఒక్కోసారి అది వచ్చేసరికి ఏమడిగామో మనమే మరిచిపోయేవాళ్ళం. యాభై దాటిన నాచేత అక్షరాలు దిద్దించింది ఆయనే. ఆయన దగ్గర చూసిన సంగతి ఒకటి, నాకు చేతనైనట్టు రాస్తున్నాను.

దాలయ్య అని ఆయన శిష్యుడు. సముద్రం పక్కన ఉప్పు మళ్ళలో పని. భార్య నూకరత్నం, తనూ ఒకే మడిలో చెరోవైపు నిలబడి ఉప్పు లాగేవాళ్ళు. ఆమె పోయాక అస్థికలు కలపడానికి కాశీ వెళ్ళాడు. అక్కడ ఇష్టమైనదేదో వదిలి రావాలంటారు కదా. మనబోటివాళ్ళం ఏ కాకరకాయో వదిలేసి, చాలా త్యాగం చేసినట్టు తిరిగొస్తాం. దాలయ్య ఉప్పు వదిలేశాడు. ఆమె వండని కూడు తనకు రుచించకూడదనుకున్నాడో ఏమో, పిచ్చి మనిషి.

వేసవి వచ్చేసరికి అతనికి పిక్కలు పట్టేయడం మొదలైంది. ఎండలో చెమట కారి కారి, ఉన్నట్టుండి పిక్కలో కండ రాయిలా ముద్ద కట్టేది. నిలబడ్డవాడు అలాగే మడిలో కూలబడేవాడు. "చెమటతో ఒంట్లో ఉప్పు పోతోంది, పోయింది మళ్ళీ చేరడం లేదు. ఉప్పేసిన మజ్జిగ తాగు" అంది ఆసుపత్రి డాక్టరమ్మ. ఇతను మజ్జిగ తాగాడు, ఉప్పు లేకుండా. ఇంకోసారి పడితే ఆ మడి వేరేవాళ్ళకిస్తానన్నాడు మేస్త్రీ.

బాధ కాలిదొక్కటే అయితే బాగుండును. ఉప్పు తినని మనిషిని ఎవరు భోజనానికి పిలుస్తారు? పిలిస్తే విడిగా వండాలి. పిలుపులు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. సాయంత్రం అటుగా వెళ్తే, గిన్నెకు తగిలే వేళ్ళ చప్పుడు తప్ప ఆ ఇంట్లోంచి మరో చప్పుడు వచ్చేది కాదు.

ఒక పౌర్ణమినాడు గురువు గారింట్లో మా అందరికీ మధ్యాహ్నం భోజనం. దాలయ్య కుంటుకుంటూ వచ్చి అడిగాడు.

"గురువు గోరూ, ఆమె కోసం వదిలినదాన్ని మళ్ళీ నోట్లో పెడితే, ఆమెనీ వదిలేసినట్టే కదండీ?"

"అన్నం తిన్నావా?"

"నాది నాను తెచ్చుకున్నానండి" అని మూటగట్టిన గిన్నె చూపించాడు.

గురువు గారు వంటింటి వైపు తిరిగి, వంట చేస్తున్నావిడతో "పైడమ్మా, ఈరోజు దేంట్లోనూ ఉప్పు వెయ్యకు" అన్నారు. వేళాకోళమనుకున్నాం. కాదు.

అందరికీ ఆకులు వేశారు. దాలయ్య ఎన్నాళ్ళకో బంతిలో మా మధ్య కూర్చున్నాడు. పప్పు చప్పన, పులుసు వట్టి పులుపు. "అత్తా, ఇది పులుసా, కుండ కడిగిన నీళ్ళా?" అన్నాడొకడు. "ఉప్పు మళ్ళ ఊరికొచ్చి నాకీ మాట పడాలని రాసుందిరా" అని పైడమ్మ విసుక్కుంది. దాలయ్య తలెత్తలేదు.

సగం తిన్నాడో లేదో, మడిచి కూర్చున్న కాలు పట్టేసింది. పళ్ళు బిగించి పక్కకు ఒరిగిపోయాడు. గురువు గారు తింటున్న ఆకు ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి, నేలమీద కూర్చుని అతని పాదాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు.

"అపచారమండీ! మీ కాళ్ళు నాను పట్టాలి గానీ!" అంటూ దాలయ్య కాలు లాక్కున్నాడు. లాక్కున్నకొద్దీ కండ మరింత బిగిసింది.

"కాసేపు ఇది నీ కాలు కాదనుకోరా" అన్నారు గురువు గారు. మోకాలు చాపించి, కాలివేళ్ళను మెల్లగా అతని వైపుకే వంచి, అలా పట్టుకుని కూర్చున్నారు. వేడినీళ్ళలో పిండిన గుడ్డ పిక్క మీద వేయించారు. తొందరపడలేదు. కండ దానంతట అది మెత్తబడింది.

"మనిషి చెయ్యి తగిలి ఎన్నాళ్ళయిందో" అన్నాడు దాలయ్య, ఎవరితోనూ కాదు.

గురువు గారు మళ్ళీ చెయ్యి కడుక్కుని, తన చప్పిడి అన్నం ముందు కూర్చున్నారు. ముద్ద మింగడానికి ఆయన పడే అవస్థ దాలయ్య చూశాడు.

"మీరు తినకండి గురువు గోరూ. ఈ చప్పిడి నాది."

"బంతిలో కూర్చున్నాక నీ ఒక్కడిదెలా అవుతుందిరా?"

దాలయ్య గోడ పట్టుకుని లేచి, వంటింట్లోంచి ఉప్పు గిన్నె తెచ్చి, గురువు గారి ఆకులో మొదట, ఆపైన వరసగా అందరి ఆకుల్లోనూ వడ్డించాడు. తన ఆకు దగ్గరికొచ్చి ఆగిపోయాడు. గిన్నె కింద పెట్టి కూర్చున్నాడు. గురువు గారు చెయ్యి చాపి గిన్నె దగ్గరకు లాక్కుని, అతని ఆకు మూల చిటికెడు పెట్టారు. పెట్టి, తన అన్నం తాను కలుపుకున్నారు.

తినడం ఆపి అందరం చూస్తున్నాం. దాలయ్య చాలాసేపటికి వేలికొసతో ఒక రవ్వ తీసి నాలిక మీద వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఏమయిందిరా?"

"ఆమె మొకం కనపడిందండీ" అన్నాడు దాలయ్య. "ఇన్నాళ్ళూ ఈ కాలే కనపడేది."

గురువు గారు ఉప్పు గిన్నె అతని వైపు జరిపారు.

"ఇంకొంచెం వేసుకో."