నూకరత్నం జడ

హైమ తన గురువును ఏనాడూ ఏదీ కోరలేదు. మొదటిసారి కోరింది, ఆదివారాలు.

రాజమండ్రి దానవాయిపేటలో, ఒక పాత పెంకుటింట్లో, మనసు చెదిరిన పిల్లలకు పగటిపూట వైద్యం చేసే కేంద్రం ఉండేది. పిల్లలు పొద్దున్నే ఆటోల్లో వచ్చేవారు. డాక్టరుగారు చూసి మందులు రాసేవారు. ఆటలు, బొమ్మలు, భోజనం, కాస్త చదువు అయ్యాక సాయంత్రానికి ఇళ్ళకు వెళ్ళిపోయేవారు. ఆ పిల్లలతోనూ, వాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళతోనూ కూర్చుని మాట్లాడడం సోషల్ వర్కర్ల పని. ఆ పనిలో తల నెరిసిన మనిషి సలోమి. ఆమె దగ్గర నేర్చుకుంటున్నది హైమ.

అక్కడికి వచ్చే పిల్లల్లో వెన్నెల ఒకతె. ఆరేళ్ళది. తల్లీ తండ్రీ మోటారుసైకిల్ మీద వెళ్తుండగా లారీ గుద్దింది. తండ్రి అక్కడే పోయాడు. తల్లి నూకరత్నం నెలల తరబడి ఆసుపత్రిలో ఉండిపోయింది. పిల్లను మేనత్త ఇంట్లో ఉంచారు. అమ్మ ఊరెళ్ళిందని చెప్పారు.

ఆ అమ్మ తిరిగొచ్చాక పిల్ల దగ్గరికి రాలేదు. ఎత్తుకోబోతే కొరికింది. గోడకేసి తల కొట్టుకునేది. మాట పూర్తిగా మానేసింది.

కేంద్రానికి వచ్చిన కొత్తలో వెన్నెల రోజంతా బల్ల కింద ఉండేది. హైమ కూడా మోకాళ్ళు ముడుచుకుని ఆ బల్ల కిందే కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. అలా చాలా రోజులు గడిచాక, ఒక మధ్యాహ్నం పిల్ల ఆమె చీర కొంగు పట్టుకుని, "హైమక్కా, నీళ్ళు" అంది. అప్పటినుంచి హైమ కలిపితేనే అన్నం తినేది. హైమ పక్కన ఉంటేనే నిద్రపోయేది. సాయంత్రం ఆటో ఎక్కించేటప్పుడు ఆమె మెడ వదిలేది కాదు.

నూకరత్నం తాడితోటలో చీరల కొట్లో పనిచేసేది. వీలైన రోజు కూతురి కోసం తనే వచ్చేది. తలమీద కొంగు కప్పుకుని, చేతిలో బిస్కెట్ పొట్లంతో గేటు దగ్గరే నిలబడిపోయేది. లోపలికి రమ్మన్నా వచ్చేది కాదు. ఈవిడకి పిల్లని దగ్గర చేసుకోవడం చేతకాదని హైమ అనుకునేది. ఆ మాట పైకి అనలేదు గాని, పొట్లం అందుకునేటప్పుడు ఆమె ముఖం కేసి చూసేది కాదు.

హైమకు పెళ్ళై ఏడేళ్ళయింది. రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇంట్లో కిటికీ ఉన్న చిన్న గది ఒకటి ఖాళీగా ఉండేది. ఆ గదిని ఏం చేద్దామన్న మాట భార్యాభర్తలు మానేశారు.

ఒకరోజు పిల్లలంతా వెళ్ళిపోయాక ఆమె సలోమి ముందుకు వచ్చి నిలబడింది.

వెన్నెలను ఆదివారాలు తన ఇంటికి తీసుకెళ్తానని అడిగింది. కేంద్రం లేని రోజున పిల్ల మళ్ళీ తల కొట్టుకుంటోందని, తన దగ్గరైతే కుదురుగా ఉంటుందని చెప్పింది. తల్లికి కూడా ఆరోజు కొట్లో పని ఎక్కువే కాబట్టి ఆమె కాదనదంది. చివరికి, "పిల్ల కోసమే మేడమ్" అంది.

సలోమి తలెత్తి ఆమెను చూసింది.

"రేపు మధ్యాహ్నం నూకరత్నాన్ని రమ్మను. కొట్టు యజమానితో నేను మాట్లాడతాను."

తల్లి ఒప్పుకోలు తీసుకోవడానికే కాబోలు అనుకుంది హైమ. ఇంటికి వెళ్తూ దారిలో ఆరేళ్ళ పిల్లకు సరిపోయే గౌను కొంది.

మర్నాడు నూకరత్నం వచ్చింది. ఆటల గదిలో ఒక మూల వెన్నెల చెక్కముక్కలు పేర్చుకుంటోంది. తల్లిని చూడగానే వీపు తిప్పేసుకుంది. నూకరత్నం గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

సలోమి గది మధ్యలో చాప పరిచింది. కొబ్బరినూనె సీసా, దువ్వెన తెచ్చి పెట్టింది.

"హైమా, జడ వెయ్యి."

హైమ వెన్నెలను పిలవబోయింది.

"పాపకి కాదు. నూకరత్నానికి."

నూకరత్నం కంగారు పడింది. "వద్దండీ మేడమ్ గారూ. నా తల బాగోదండి."

"కూర్చో అమ్మా," అంది సలోమి.

ఆమె కూర్చుంది. హైమ వెనక కూర్చుని ఆమె తలమీది కొంగు తీసింది. చెవి వెనకనుంచి నడినెత్తి దాకా పెద్ద మచ్చ. అంతమేరా జుట్టు మళ్ళీ రాలేదు. మిగతాచోట్ల పొట్టిగా, ఎగుడుదిగుడుగా వచ్చింది. నూకరత్నం తలకు దెబ్బ తగిలిందని హైమకు తెలుసు. డాక్టరుగారికి తనే ఎన్నోసార్లు ఆ మాట చెప్పింది. కళ్ళతో చూడడం ఇదే.

అరచేతిలో నూనె పోసుకుని మెల్లగా రాయడం మొదలుపెట్టింది. మచ్చ దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు ఆగాయి.

"పర్లేదండి. నొప్పి లేదు," అంది నూకరత్నం. తల ఇంకాస్త వంచి, "ఆసుపత్రిలో కట్టు విప్పిన నర్సమ్మ తరవాత నా తల ఎవరూ ముట్టుకోలేదండి," అంది.

హైమ అరచేతిలోకి మళ్ళీ సీసా వంచుకుంది. ఇంకాస్త నూనె రాసింది. చిక్కులు పీకకుండా, కొసలనుంచి తీస్తూ పైకి వచ్చి, జుట్టును మూడు పాయలు చేసింది. నూకరత్నం భుజాలు కొద్దికొద్దిగా వాలాయి.

మూలనుంచి చెక్కముక్కల చప్పుడు ఆగిపోయింది.

వెన్నెల లేచి వచ్చింది. తల్లికి దూరంగా తిరిగి వచ్చి హైమను ఆనుకుని నిలబడింది. ఆ బరువు భుజానికి తగలగానే పిల్లను ఒళ్ళోకి లాక్కోవాలనిపించింది హైమకు. చేతులకు నూనె ఉంది.

పిల్ల చాలాసేపు చూసింది. తరవాత ఒక వేలు చాచి మచ్చ మీద పెట్టింది.

"ఏంటిది?" అని హైమను అడిగింది.

హైమ నోరు తెరిచింది. ఎదురుగా ఉన్న సలోమి తల అడ్డంగా ఊపింది.

నూకరత్నం వెనక్కి తిరగలేదు. "దెబ్బ తగిలిందమ్మా. పెద్ద దెబ్బ. అందుకే నీ దగ్గరికి రాలేకపోయాను."

"నేను పిలిచాను," అంది వెన్నెల.

"పిలిచావా, తల్లీ."

"చాలాసార్లు పిలిచాను."

"నాకు వినపడలేదమ్మా. ఒంటిమీద తెలివి లేదు. వినపడుంటే పరిగెత్తుకొచ్చేదాన్ని."

పిల్ల మచ్చ వెంట వేలు కిందిదాకా జరిపింది. మళ్ళీ పైకి జరిపింది. హైమ మూడు పాయలూ అలాగే పట్టుకుని కూర్చుంది.

"ఒక పాయ పాపకివ్వు," అంది సలోమి.

హైమ ఇచ్చింది. వెన్నెల దాన్ని గట్టిగా పట్టుకుంది.

"ఇంకోటి."

హైమ ఇచ్చింది. మూడోది ఇవ్వడానికి ఆమెకు కొంత సమయం పట్టింది. ఇచ్చి, పక్కకు జరిగి, తన చోట పిల్లను కూర్చోనిచ్చింది.

ఆరేళ్ళ పిల్లకు జడ ఏం వస్తుంది? మెలిపెట్టి, ముడేసి, లాగింది. నూకరత్నం కదలకుండా కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆదివారాల మాట హైమ మళ్ళీ ఎత్తలేదు. సలోమీ ఎత్తలేదు.

ఆ ఒక్కరోజుతో అంతా చక్కబడలేదు. మర్నాడే వెన్నెల తల్లి చెయ్యి కొరికింది. అయినా నూకరత్నం గేటు దగ్గర నిలబడడం మానేసి లోపలికి రావడం నేర్చుకుంది. అన్నం ఎలా కలపాలో, భయం పట్టుకున్నప్పుడు పిల్లను ఎలా పొదువుకోవాలో హైమ ఆమెకు ఒక్కొక్కటీ చూపించింది. చూపించిన ప్రతిదీ తన చేతినుంచి జారిపోయేది. వానాకాలం వచ్చేసరికి వెన్నెల వాళ్ళ వీధి బడిలో చేరింది. కేంద్రానికి రావడం మానేసింది.

ఆ తరవాతి ఏడు దసరాకు బట్టలు కొనడానికి హైమ తాడితోట వెళ్ళింది. జనంలో తల్లీ కూతుళ్ళు ఎదురొచ్చారు. నూకరత్నం ఎవరితోనో మాట్లాడుతూ ఈమెను చూడలేదు. వెన్నెల చూసింది. దారిన పోయే మనిషిని చూసినట్టు చూసి, ఐస్‌క్రీమ్ బండి వైపు తల్లి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. హైమ పిలవలేదు. వాళ్ళు కనపడినంతసేపూ నిలబడింది. తరవాత ఏమీ కొనకుండానే తిరిగొచ్చేసింది.

మర్నాడు కేంద్రం పెరట్లో సలోమి పిల్లల దుప్పట్లు ఉతుకుతుంటే వెళ్ళి ఆ సంగతి చెప్పింది.

"బాగుందా?" అని అడిగింది సలోమి.

"బాగుంది మేడమ్. పొడుగైంది. ముందు పళ్ళు ఊడాయి." దుప్పట్ల కేసి చూస్తూ, "నన్ను గుర్తుపట్టలేదు," అంది.

సలోమి దుప్పటి జాడిస్తూనే ఉంది.

"ఇన్నేళ్ళలో ఇది మీకు అలవాటైపోయిందా?" అని అడిగింది హైమ.

సలోమి చేతులు నీళ్ళలోనే ఆగాయి.

"ఇప్పటికీ బజారుకెళ్తే పిల్లల ముఖాలు చూసుకుంటూ నడుస్తాను," అంది. "వాళ్ళంతా ఎప్పుడో పెద్దవాళ్ళైపోయారని గుర్తే ఉండదు."

హైమ చెప్పులు విడిచి వచ్చి, తడి దుప్పటి రెండో కొస అందుకుంది.