గిద్యోను అనని ఆమెన్

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ గట్టున రేకుల చర్చి ఒకటి ఉండేదిరా కన్నా. అందులో ముందు చాప గిద్యోనుది. ఆయనకి గర్వమన్నదే లేదట. ఆ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆయనే చెప్పేవాడు. "నాదేముంది, దేవుడిచ్చిన గొంతు! నా ఆమెన్‌కి అవతలి గట్టున గేదెలు తలెత్తుతాయి."

నిజమే మరి. పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగిస్తే ముందు గిద్యోను ఆమెన్ అనాలి. ఆ తర్వాతే సంఘమంతా అనేది. అలా అలవాటైపోయింది.

ఒక శనివారం, మర్నాడు సంఘమంతా రొట్టె, రసం పుచ్చుకునే ప్రభువు బల్లకని దాచిన ద్రాక్షరసం సీసా ఖాళీగా కనిపించింది. చర్చి ఊడ్చేది సువార్తమ్మ. మొగుడు పోయినామె, తరఫున మాట్లాడే దిక్కులేదు. "ఇంకెవరు తాగుతారు?" అనేశారు అందరూ. కానీ గటగటా తాగింది అయ్యగారి బావమరిది. కిటికీలోంచి చూసింది గిద్యోను ఒక్కడే.

అప్పుడు అయ్యగారు, "ఎవరైనా చూశారా?" అన్నారు. గిద్యోను నోరు తెరిచాడు. ముందు చాప పోతుందేమోనని బెంగ పుట్టింది. "ప్రార్థన చేద్దామండీ" అన్నాడు.

ఆ సాయంత్రం సువార్తమ్మ ఆయన గుమ్మంలోకొచ్చింది. "అన్నా, కిటికీ దగ్గర నువ్వే ఉన్నావంటగా. రేపు నన్ను బల్లకి రానివ్వరంట. చూసింది చెప్పన్నా."

"నిన్ను ప్రార్థనలో పెట్టానమ్మా."

"పెట్టావులే. ఒక్క మాట కూడా పెట్టు."

గిద్యోను చెప్పులో రాయి వెతుక్కున్నాడు.

ఆదివారం వచ్చింది. సువార్తమ్మ గడప బయటే కూర్చుంది. అయ్యగారు కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ దొంగచేతిని నీ బల్లకి దూరంగా ఉంచు" అని ముగించారు. అందరూ గిద్యోను కోసం ఆగారు. ఆమెన్ అంటే 'అది నిజం, అలాగే జరగాలి' అని కదరా. గొంతు దాకా వచ్చింది, దాటి రాలేదు. ప్రార్థన అవ్వలేదు గనక ఎవరూ కళ్ళు తెరవడానికి లేదు. ఎవరో పిల్ల తుమ్మింది.

"ఏం గిద్యోనూ, గొంతు పోయిందా?" అన్నారు అయ్యగారు.

"గొంతుందండీ. ఆ ఆమెన్ అనలేను. తాగింది మీ బావమరిది. నేను చూశాను."

గేదెల్ని లేపే గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, వెనక చాపలవాళ్ళు "ఏమన్నాడు? ఏమన్నాడు?" అన్నారు. పాపం, రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

బావమరిది తల దించుకున్నాడు. అయ్యగారు సువార్తమ్మని లోపలికి పిలిచారు. ఆమె రొట్టె తీసుకుంది. తిరిగి వెళ్తూ గిద్యోను దగ్గర ఆగింది.

"నిన్ననే చెప్పుంటే, 'అమ్మా, నువ్వే తాగావా?' అని రాత్రి నా పిల్లలు అడిగేవాళ్ళు కాదు గదండీ."

అన్నా అనలేదురా కన్నా. అండీ అంది.

ఆ తర్వాత గిద్యోను, చూసింది చూశానని చెప్పడం కొంత నేర్చుకున్నాడు. సువార్తమ్మ గుమ్మంలో నిలబడి "నన్ను క్షమించమ్మా" అనడం మాత్రం ఆయనకి ఇంకా రాలేదు.

కథ కదిలె కంచికి,
కునుకు వచ్చె మంచానికి.