పైడయ్య గవ్వ

అనగనగా, సముద్రం ఇంకా పడుచుగా ఉన్న రోజుల్లో, ఉప్పు మడుల పక్కన పైడయ్య అనే మొండి ముసలాడు ఉండేవాడు. అతని భార్య అచ్చెమ్మకు చూపు లేదు.

రోజూ పొద్దుగూకే వేళ ఆమె అడిగేది. "మావా, ఇయాల ఎంత ఉప్పు తీసినావు?"

"సానా."

"సానా అంటే? పలుకుల లెక్కన సెప్పు."

పైడయ్య ఒక తాడు తీశాడు. కింద గవ్వ గుచ్చి, పైన ముడులు వేశాడు. ఒక్కో ముడికీ పదింతలు. చిటికెడు ఉప్పులో వంద పలుకులు, దానికి ఒక గవ్వ, రెండు ముడులు. దోసిలికి నాలుగు ముడులు. గంపకు ఆరు. అచ్చెమ్మ తడిమి చూసుకుని నవ్వేది.

ఒక ఏడు కోట అధికారి బళ్లతో వచ్చాడు. ఊరి రాశి మూడువేల గంపలు.

"ఇందులో పలుకులెన్ని? మూడుసార్లు అడుగుతా. మూడుసార్లూ ఒకే లెక్క చెబితే ఉప్పు మీది. తప్పితే కోటది."

ఆ ఉప్పు పోతే ఊరికి ఏడాది గంజి లేదు.

కరణం తాటాకు మీద మూడు వేసి, పక్కన సున్నాలు చుట్టాడు. మొదటిసారి చదివితే తొమ్మిది సున్నాలు. రెండోసారి పది. మూడోసారి ఎనిమిది. చీమల బారును లెక్కపెట్టినట్టయింది.

"బళ్లకెత్తండి!" అన్నాడు అధికారి.

"ఆగు బాబూ," అంది అచ్చెమ్మ. "ఈ రాశికి మా ముసలోడు కట్టిన తాడుంది."

"గుడ్డిదానివి, నువ్వేం చదువుతావే?"

"సున్నాలు సూసేవోళ్లకి కళ్లు తిరుగుతాయి బాబూ. నాకా బాధ నేదు."

తడిమింది. "మూడు గవ్వలు, తొమ్మిది ముడులు."

రెండోసారి అడిగాడు. మూడు గవ్వలు, తొమ్మిది ముడులు. మూడోసారీ అదే మాట.

గంపకు ఆరు ముడులు, వేలకు ఇంకో మూడు. అధికారి తనూ ముడులు లెక్కపెట్టి చూసుకున్నాడు. వట్టి బళ్లు వెనక్కి తోలుకుపోయాడు.

కొన్నాళ్లకు పైడయ్య మంచం పట్టాడు. అచ్చెమ్మ అతని చెయ్యి పట్టుకుని అడిగింది. "మావా, ఇంత లోకంలో మనమెంత?"

అతను ఒకే గవ్వ గుచ్చాడు. ఓపికున్నంతసేపూ ముడులు వేశాడు. తాడు తిరగేసి ఆమె చేతికిచ్చాడు. ఇప్పుడు గవ్వ పైన, ముడులు కింద. ఒక్కో ముడికీ పదో వంతు.

"ఇన్ని ముడులా! మరీ ఇంత సిన్నా?"

"సిన్నే. అయినా గవ్వుంది కదే. గవ్వుంటే సున్నా కాదు."

అదే అతని ఆఖరి మాట.

ఇప్పటికీ ఆ ఉప్పు ఊళ్లలో ఎవరైనా పోతే, గుమ్మానికి అలాంటి తాడే కడతారు. పలకరించడానికి వచ్చినవాళ్లు ముడులు లెక్కపెట్టరు. గవ్వను ఒకసారి తాకి, లోపలికి వెళతారు.