ఇసుక పీపా, బెండురవ్వ పీపా

ఎస్తేరమ్మ గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, ఏదో ఒక పని చేతిలో పెడతారు. పోలీసు ఆయుధశాలలో తుపాకులు విప్పి బిగించడంతోనే ఉద్యోగమంతా గడిపిన మనిషి. రిటైరయ్యాక ఊరవతల పాత రాతిక్వారీలోని రైఫిల్ క్లబ్బులో ఆడపిల్లలకు గురి నేర్పుతున్నారు. ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు, తీపిమాట విన్నవాళ్ళను మాత్రం ఇంకా చూడలేదు.

ఒక గురువారం ఆవిడ శిష్యురాలు చామంతి అడిగింది: "మేడమ్, నాలుగు మాటలు అనేస్తే నాకు పోయేదేముంది?"

జరిగింది ఇదీ. క్లబ్బు కార్యదర్శి భుజంగరావు మేనల్లుడు, తూటా నింపిన రైఫిల్‌ను మనుషుల వైపు తిప్పి ఫోటో కోసం పళ్ళికిలిస్తున్నాడు. చామంతి అందరి ముందూ "తుపాకీ దించు, బుద్ధిలేనోడా" అని కేకేసింది. కమిటీ పెద్దలకు తుపాకీ కనబడలేదు, కేక మాత్రం వినబడింది. రాష్ట్ర జట్టులో ఆమె పేరు ఉండాలంటే ఆదివారం సాయంత్రం కమిటీ ముందు చేతులు కట్టుకుని, "నా నోరు మంచిది కాదు, తప్పంతా నాదే, క్షమించండి" అనాలన్నారు. మర్యాదను తుపాకీ పట్టినవాడి చేతిలో ఎవరూ వెతకరు, ఆడపిల్ల నోట్లోనే వెతుకుతారు. ఆ జట్టు కోసం చామంతి రెండేళ్ళుగా రోజూ రెండు బస్సులు మారి వస్తోంది. అందుకే అడిగింది.

ఎస్తేరమ్మ గారు లేచి, పేలిన తూటాల ఇత్తడి గొట్టాలున్న బస్తా ముందుకు లాగారు. వాటిని శుభ్రం చేసి, మూతి బిగించి, మళ్ళీ మందూ గుండూ నింపుతారు. శుభ్రం చేయడానికి మోటారుతో తిరిగే పీపాలు రెండున్నాయి. ఏదైనా గరుకు సరుకు పోసి తిప్పితే, అది గొట్టాలను రాసిరాసి తోముతుంది.

"దేంతో తోముతావు?" అన్నారు.

"ఇసుకతో. మా అమ్మ ఇత్తడి బిందెను ఇసుకేసి తోముతుంది మేడమ్. అద్దంలా వస్తుంది."

"సరే. నీ పీపాలో నీ ఇసుక పొయ్యి. నా పీపాలో ఇది పోస్తా." గింజలొలిచిన మొక్కజొన్న బెండ్లను ఎండబెట్టి దంచిన రవ్వ ఆవిడది.

చామంతి నవ్వింది. "పశువుల దాణాతో ఇత్తడి తోముతారా?"

"నువ్వు తిప్పవే."

పీపాలు ఆదివారం దాకా తిరిగాయి. మధ్యాహ్నం మూతలు తీస్తే ఇసుకవి బంగారంలా ధగధగలాడుతున్నాయి. అటు వెళుతున్న భుజంగరావు ఒకటి తీసి వెలుతురులో పెట్టి మురిసిపోయాడు. "చూశావా అమ్మాయ్, తోమితే ఎంత ముచ్చటగా ఉందో. మనిషైనా అంతే. సాయంత్రం మర్చిపోకు" అని వెళ్ళిపోయాడు.

రవ్వలో తిరిగినవి శుభ్రంగానే ఉన్నాయి, కానీ మూతుల దగ్గర నీలిచాయ అలాగే ఉంది.

"మీవాటికి మచ్చ పోలేదు మేడమ్."

"మసి పోయింది. అది తయారీలో మంట తగిలిన రంగు, మురికి కాదు."

ఆవిడ రెండు రకాల గొట్టాల మూతులనూ ఒకే మర మీద, ఒకే కొలతకు బిగించారు. చామంతి చేతికి రెండు సీసపు గుండ్లు ఇచ్చి పెట్టమన్నారు. ఇసుక గొట్టంలో పెట్టిన గుండు ఆగకుండా జారి అడుగున టక్కుమంది. మూతి అరిగి కాగితమంత పలచనైంది, ఇంక దేన్నీ పట్టుకోలేదు. రవ్వ గొట్టం మూతి మీద పెట్టిన గుండు అక్కడే నిలబడింది. చామంతి బొటనవేలితో ఎంత నొక్కినా దిగలేదు.

"ఇసుకకు మసేదో ఇత్తడేదో తెలియదు. రెంటినీ గీకుతుంది" అన్నారు ఎస్తేరమ్మ గారు. చామంతి చాలాసేపు రెండు గొట్టాలనూ అటూ ఇటూ తిప్పి చూసి, చేతులు కడుక్కుని కమిటీ గదికి వెళ్ళింది.

అక్కడ చేతులు కట్టుకోలేదు. "'బుద్ధిలేనోడా' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను సార్, అది నా నోటిదురుసు. 'తుపాకీ దించు' అన్నది తీసుకోను. మళ్ళీ మనుషుల మీదికి తిప్పితే మళ్ళీ అంటాను."

"అంతేనా?" అన్నాడు భుజంగరావు.

"అంతే సార్."

ఆయన జేబులోంచి కలం తీశాడు.

ఆమె తిరిగొచ్చేసరికి ఎస్తేరమ్మ గారు కింద కూర్చుని, ఎవరూ పొరపాటున వాడకుండా ఆ ధగధగలాడే గొట్టాలను ఒక్కొక్కటే సుత్తితో చదును చేస్తున్నారు.

"నా పేరు కొట్టేశారు మేడమ్." తల వంచకుండానే చెప్పింది.

ఆవిడ సుత్తి ఆపలేదు. "కొట్టేసింది పేరే కదా" అన్నారు. "రైఫిల్ తియ్యి. వెలుతురింకా ఉంది."