నక్కగారి సంతకం, ఎద్దుగారి విమానం

మూతబడ్డ రైసుమిల్లు వెనకాల ఒక కారు షెడ్డు. కారు ఏనాడో పోయింది. ఇప్పుడు అందులో గౌరన్న అనే ఎద్దు కాపురం. షెడ్డు వెనక గోడకు ఆనుకుని కోళ్ల గూడు; గూటికి దారి షెడ్డులోంచే. గౌరన్న గుమ్మంలో పడుకున్నంత కాలం కోళ్లకు ఏ భయమూ లేదు.

బండి లాగే పని పోయాక గౌరన్న మనసు విమానం మీదికి మళ్లింది. పట్నం నుంచి విడిభాగాలు పెట్టెల్లో తెప్పించాడు. రెక్కలు, తోక, ఇంజను, సంచీడు బోల్టులు, ఓ లావుపాటి పుస్తకం.

"నిజంగా ఎగురుతుందంటావా అన్నా?" అంది కోడిపెట్ట మంగతాయి.

"ఏమోనమ్మా! మొదటి పేజీ బుర్రకెక్కడానికే నాకు వారం పట్టింది. తోక తలకిందులుగా బిగించి, రెండు రోజులు దాని అందం చూసుకుంటూ కూర్చున్నాను. అయితేనేం, ఊడదీసి మళ్లీ బిగించడం వచ్చింది. అది వచ్చాక మిగతాదీ వస్తుంది."

వచ్చింది. ఏడాదికి విమానం తయారైంది. రేపు ఎగరడమనగా నక్క నాగభూషణం దిగాడు. మెడలో కండువా, చంకలో కాగితాలు.

"తనిఖీ లేకుండా ఎగిరితే ఎలా బావా? నేను చూసి సంతకం పెడతాగా!"

"నీకు విమానాల సంగతి తెలుసా?"

"తెలియకపోతే కండువా ఎందుకేసుకుంటాను?"

గౌరన్నకు ఈ జవాబు సబబుగానే తోచింది. నీళ్లు తాగొస్తానని తొట్టి దగ్గరికి వెళ్లాడు. ఈలోగా నాగభూషణం పానా అందుకుని ఎడమ రెక్క బోల్టు నాలుగు చుట్లు వదులు చేశాడు. ఎద్దు ఎగరాలి, కూలాలి, గుమ్మం ఖాళీ అవ్వాలి. ఆ తరవాత గూడంతా తనదే. ఆపైన తీరిగ్గా "భేషుగ్గా ఉంది, ఎగరవచ్చు" అని రాసి, తేదీ వేసి, సంతకం గీకాడు.

తెల్లారి కోళ్లు, మిల్లు ఆవరణలో మేసే మేక, నాగభూషణం, అందరూ చేరారు. మంగతాయి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. గౌరన్న పుస్తకంలో చెప్పినట్టు విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు. ప్రతి బోల్టూ బిగించాక దాని మీదుగా ఒక ఎర్రరంగు గీత గీయడం అతని పద్ధతి. బోల్టు కదిలితే గీత తప్పుతుంది. ఎడమ రెక్క దగ్గర గీత తప్పింది.

'తోక తలకిందులు చేసిన ఘనుణ్ణి, ఇదీ నా పనేనేమో' అనుకున్నాడు ముందు. కానీ నిన్న నీళ్లకు వెళ్లేముందు గీత సరిగ్గానే ఉంది. తరవాత షెడ్డులో ఉన్నది ఒక్కడే.

"నాగభూషణం, ఎక్కు."

"నేనా!"

"బండ్లవాళ్ల ఆనవాయితీ. ఇరుసు బాగుందని చెప్పినవాడే కొత్త బండి మొదట ఎక్కాలి. ముప్ఫై బళ్లు లాగాను, ఒక్కసారీ తప్పలేదు."

"ఇది బండి కాదు కదా బావా!"

"చక్రాలున్నాయిగా," అంది మేక. "మూడు."

"నాకు నడుంనొప్పి."

"సీటు మెత్తగానే ఉందిలే."

"ఇవాళ రోజు మంచిది కాదు."

"కాగితం మీద తేదీ వేసింది తమరే!" అంది మంగతాయి.

తలో చెయ్యీ వేసి ఎక్కించారు. బెల్టు బిగించారు. గౌరన్న ఇంజను తిప్పాడు. నిమ్మకాయలు చిట్లాయి, విమానం రెండడుగులు కదిలింది, ఎడమ రెక్క కిర్రుమంది.

"ఆపు! ఆపు బావా! బోల్టు వదులుగా ఉంది! ఎడమ రెక్కది!"

గౌరన్న ఇంజను ఆపాడు.

"నీకెలా తెలుసు?" అంది మంగతాయి.

నాగభూషణం బెల్టు విప్పుకుని కిందికి దిగాడు. గౌరన్న పానా అతని చేతికిచ్చాడు.

"విప్పింది నువ్వేగా. బిగించడమూ నువ్వే కానియ్."

నాగభూషణం చెమటలు కక్కుతూ, ఎక్కడ తక్కువవుతుందోనని బిగించిందే బిగించాడు. గౌరన్న ఒకసారి లాగి చూసి కొత్త గీత గీశాడు.

"ఇప్పుడు నిజంగా బాగుంది. కూర్చో, వెళ్దాం."

మిల్లు పొగగొట్టం మీదుగా విమానం మూడు చుట్లు తిరిగింది. ఎద్దు రంకె ఒకవైపు, నక్క ఊళ ఒకవైపు. కిందికి దిగాక నాగభూషణం ఎటూ చూడకుండా పొలాలకు అడ్డం పడి పోయాడు. కోళ్లేమో, రెండో సవారీ నాదంటే నాదని అప్పుడే కొట్టుకుంటున్నాయి.

నీతి: తాను ఎక్కడానికి సిద్ధపడని దానికి "భేషుగ్గా ఉంది" అని సంతకం పెట్టకూడదు.