గడప బయటి నేల

ఈ కథ నాకు మొదట చెప్పింది మా పెత్తల్లి నూకాలమ్మ. కోరుపల్లి గురువమ్మ పలకలు కాల్చే ఆవం దగ్గర మట్టి తొక్కిన మనిషి ఆవిడ. దీన్ని ఇంకోలా చెప్పేవాళ్ళెవరూ ఇది జరిగినప్పుడు అక్కడ లేరు. వాళ్ళ నాన్నలూ లేరు.

గురువమ్మ పేరు పైడమ్మ. తత్వాలు పాడేది, నేల మీద పరిచే మట్టి పలకలు కాల్చేది. ఉపదేశం కావాలని ఎవరొచ్చినా ముందు రోలు దగ్గర కూర్చోబెట్టేది. ఆవంలో పగిలినవీ, వంకరపోయినవీ, జనం ఇళ్ళు పీకి పారేసినవీ అన్నీ ఆ రోట్లో పడాల్సిందే. ఆ పొడి కలవని మట్టితో ఆవిడ పలక చేసేది కాదు. పెంకు ముక్క ఒక్కటి కూడా ఆ వాకిలి దాటి బయటికి పోలేదు.

శిష్యుల్లో సింహాద్రిది మంచి చెయ్యి. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు.

ఊరి గుడి మండపంలో పరచడానికి పలకలు కావాలని ధర్మకర్త జగపతి కబురు పెట్టాడు. పని సింహాద్రికే ఇస్తానన్నాడు. ఒకటే షరతు. "దేవుడి ముందు పరిచేవి. పారేసిన పెంకుల పొడి కలిపితే ఒప్పుకోను. అంతా కొత్త మట్టే ఉండాలి."

ఆ గుడిలోకి సింహాద్రి వెళ్ళగలడు. గురువమ్మ వెళ్ళడానికి లేదు. ఆవిడ కులంవాళ్ళు గడప బయట, ఎండలో, గుంటలు పడ్డ నేల మీద నిలబడి దణ్ణం పెట్టుకోవాలి.

సింహాద్రి రోకలి గోడకి ఆనించేశాడు. "అమ్మా, ఊళ్ళోవాళ్ళు పగలగొట్టినవి నేనెన్నాళ్ళు దంచాలి? నా పలక ఇంతవరకూ ఒక్కటి పగల్లేదు."

జగపతికి చూపించాలని నున్నగా చేసిపెట్టుకున్న పలక అతని చంకలో ఉంది. గురువమ్మ చెయ్యి చాచింది. మెచ్చుకుంటుందనుకుని ఇచ్చాడు. ఆవిడ దాన్ని వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"బాగుంది" అంది. రోట్లో వేసి ఒక్క పోటు వేసింది.

"ఇప్పుడు నీదీ పగిలింది. దంచు."

మట్టి తొక్కుతున్న నూకాలమ్మ ఫక్కున నవ్వింది. సింహాద్రి మొహం కందిపోయింది.

"నవ్వవే, నవ్వు. రేపు గుడి నేలంతా నా చేతి పనే. నువ్వు గడప బయటనుంచి చూద్దువుగాని!"

అనేసి వెళ్ళిపోయాడు. గురువమ్మ వెనక్కి పిలవలేదు.

గుడి వెనక వేరే ఆవం కట్టుకున్నాడు. ఏటి మట్టి తెచ్చి, జల్లించి, వెన్నలా కలిపాడు. పలకలు ఆరేటప్పుడే అంచులు పైకి లేచాయి. ఎండ ఎక్కువైందిలే అనుకున్నాడు. తీరా ధర్మకర్త ఎదురుగా ఆవం విప్పితే, సగం నెర్రెలిచ్చాయి, సగం అప్పడాల్లా ముడుచుకున్నాయి.

"ఏట్లో పారబొయ్యి" అన్నాడు జగపతి. "నేను రాళ్ళు తెప్పించుకుంటాను."

సింహాద్రి పారబొయ్యలేదు. గంపకెత్తుకుని పట్టపగలు బజారు మధ్యనుంచి నడిచాడు.

"ఏం సింహాద్రీ, దేవుడికి అప్పడాలు వేయించావా?" అని ఎవరో అన్నారు. మెడ తిప్పలేదు.

గంప తెచ్చి రోలు పక్కన దించి నిలబడ్డాడు. గురువమ్మ కొంచెం జరిగి చోటిచ్చింది. నూకాలమ్మ మాత్రం ఊరుకుంటుందా? రోకలి అందిస్తూ, "పట్టుకో అబ్బాయా, మర్చిపోయావేమో, బరువుంటుంది" అంది.

దంచిన పొడిని గురువమ్మే పచ్చిమట్టిలో పోసి కలిపింది. "ఇది ఒకసారి కాలింది" అంది సింహాద్రితో. "ఇంక కుంచించుకుపోదు. పచ్చిదాన్ని పట్టి నిలబెట్టేది ఇదే."

ఈసారి ఆవంలో ఒకటో రెండో పగిలాయి. అవీ రోట్లోకే పోయాయి.

సంగతి విని జగపతి ఆవం దగ్గరికి వచ్చి ఒక పలకని వేలితో కొట్టి చూశాడు. ఖంగుమంది. అయినా మొహం చిట్లించాడు. "ఎంత గట్టిదైతే మాత్రం? పారేసిన మట్టి. దేవుడి ముందు పరచనివ్వను."

"నిన్నెవరడిగారు బాబూ?" అంది గురువమ్మ.

పలకలు బండికెత్తించింది. తిన్నగా గుడి దగ్గరికి తోలించి, గడప బయట, తనవాళ్ళు నిలబడే గుంటల నేల చదును చేయించి పరవడం మొదలుపెట్టింది. మొదటి పలక సింహాద్రి చేత పెట్టించింది.

జగపతి మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. "ఎవరు పరవమన్నారే ఇక్కడ? పీకించేస్తాను!"

"పీకించు" అంది ఆవిడ, చేతిలో పలక సర్దుకుంటూనే. "ముక్కలు మాత్రం పారెయ్యకు. దంచుకుని మళ్ళీ తెస్తాం."

జగపతి మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతను సింహాద్రి మీదికి తిరిగాడు.

"నువ్వు లోపలికి రాదగ్గవాడివి కదరా! వీళ్ళ మధ్య నీకేం పని?"

సింహాద్రి ఒకసారి గడప లోపలికి చూశాడు. తర్వాత గడపకి వీపు పెట్టి కూర్చుని, రెండో పలక కోసం గురువమ్మ వైపు చెయ్యి చాచాడు.

మా పెత్తల్లి చెప్పింది ఇంతే. లోపలి రాళ్ళు లేచిపోతే మళ్ళీ వేయించారు. బయటి నేల అలాగే ఉంది. ఈమధ్య దాని పక్కన ఒక బోర్డు నిలబెట్టారు. కూడబలుక్కుని చదివాను. పాత పెంకులు వృథా పోకూడదని ధర్మకర్త జగపతిగారు ఆలోచించి, ఒక గురువుగారి చేత వేయించిన నేలట!

వేయించింది జగపతి కాదు. చేసింది గురువుగారు కాదు, గురువమ్మ. పైడమ్మ. రాయడం బాగా వచ్చినవాళ్ళెవరైనా వెళ్ళి ఆ బోర్డు దిద్దండి. రంగు నేనిస్తాను. నేనే రాద్దును గానీ నా అక్షరాలు వంకరపోతాయి. ఆవిడ పేరు తిన్నగా ఉండాలి.