చుక్కావు దాచిన మాట

మా మేనత్త పాలు పితుకుతూ ఈ కథ చెప్పేది. చెంబులో పాలధార చప్పుడు ఆగితే కథ కూడా ఆగేది. ఇప్పుడు ఆ పాకా లేదు, మేనత్తా లేదు. తలుచుకుంటే బెంగగా ఉంటుంది. దగ్గరికి జరగండి పిల్లలూ, చెబుతాను.

అనగనగా, పశువులూ మనుషులూ ఒకే భాష మాట్లాడుకునే రోజుల్లో, అడవి అంచున ఒక ఆవుల మంద ఉండేది. దాని కాపరి పెంచలయ్య. మందలో అందరికన్నా పెద్దది చుక్కావు.

ఆ మందలో ఒక ఆచారం. దూడ మొదటిసారి మేతకు వెళ్లే నాడు, దాని ఇంటి పెద్దావు అందరి ముందూ వంశం చెప్పాలి. చుక్కావు తన మనవరాలు గోరింటకు గొప్పగా చెప్పింది. తన తల్లి పూటకు కడవెడు పాలిచ్చిందట. గోరింట తల్లి మల్లావు అంతకన్నా ఎక్కువే ఇచ్చిందట.

"మరి వాళ్లు ఎట్లా పోయారవ్వా?" అని అడిగింది గోరింట.

దిష్టి తగిలి పోయారని చెప్పి చుక్కావు మొహం తిప్పుకుంది.

అది అబద్ధం. ఇద్దరూ మంచు ఆరని పిల్లిపెసర పచ్చిమేత చేలో మేసి, కడుపు ఉబ్బి, ఊపిరాడక పోయారు. అదే చేలో మేసిన మిగతా ఆవులకు ఏమీ కాలేదు. తనకూ ఒకసారి అట్లాగే ఉబ్బి తగ్గడంతో, ఆ జబ్బు తమ ఇంట్లోనే తల్లి నుంచి బిడ్డకు వస్తోందని చుక్కావుకు తెలుసు. పాలకు పేరుపడ్డ ఇంటిని జబ్బు ఇల్లంటారని భయపడి మల్లావుకు కూడా చెప్పలేదు. గోరింటను మాత్రం ఎండెక్కేదాకా తన పక్కనే నిలబెట్టుకునేది. ఎందుకని అడిగితే కసిరేది.

గోరింట పెద్దదై ఈనింది. బాలింత ఆకలి ఊరుకుంటుందా? ఒకనాడు అవ్వ కన్నుగప్పి, తెల్లవారగానే పిల్లిపెసర చేలో పడి కడుపారా మేసింది. కాసేపటికే ఎడమ డొక్క ఉబ్బి కూలబడింది. పాము కరిచిందనుకుని పెంచలయ్య మంత్రగాడి కోసం పరుగు తీయబోయాడు.

మంద అంతా చూస్తోంది. చుక్కావు వెళ్లి అతని దారికి అడ్డంగా నిలబడింది.

"పాము కాదు పెంచలయ్యా. ఇది మా ఇంటి జబ్బు. మా అమ్మ ఇట్లాగే పోయింది. నా బిడ్డా ఇట్లాగే పోయింది. దీన్నయినా బతికించు."

పెంచలయ్య వెదురు గొట్టంతో నూనె పట్టించి, గోరింటను లేపి నడిపించాడు. మధ్యాహ్నానికి పెద్ద త్రేనుపు వచ్చింది. డొక్క దిగింది.

"నాకెందుకు చెప్పలేదవ్వా?" అంది గోరింట.

"సిగ్గేసింది తల్లీ. ఆ సిగ్గే మీ అమ్మను చంపింది" అని చుక్కావు ఏడ్చింది.

ఎవరూ నవ్వలేదు. పైగా పక్కనున్న బొల్లావు, మా ఇంట్లోనూ పొదుగు వాపు జబ్బు ఉందని మెల్లగా చెప్పింది.

కొన్నేళ్లకు చుక్కావు కాలం చేసింది. గోరింట దూడ మేతకు వెళ్లే రోజు వచ్చింది. అవ్వ నిలబడిన చోటే నిలబడి గోరింట వంశం చెప్పింది. ఎన్ని పాలిచ్చారో చెప్పింది, ఎట్లా పోయారో కూడా చెప్పింది. చివర, "మా అవ్వ నోరు విప్పింది, నేను బతికాను" అంది.

దూడ పిల్లిపెసర చేను వైపు చూసింది. నోట్లో నీళ్లూరుతున్నా, మంచు ఆరేదాకా గట్టు మీదే నిలబడింది.

నీతి: ఇంటి గొప్పతో పాటు ఇంటి జబ్బునూ బిడ్డలకు చెప్పాలి. సిగ్గుపడి దాస్తే వాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.